ఫ్లెక్సీ మీద వీరుడు

నేను నర్సీపట్నంలో హైస్కూల్ సోషల్ టీచర్ని. ఆమధ్య మన్యం వీరుడి జయంతికి కృష్ణదేవిపేటలో మాట్లాడమని పిలిస్తే, రెండు రోజులు కూర్చుని ప్రసంగం రాసుకుని వెళ్లాను. స్టేజి ఎక్కగానే ఒళ్లు మండిపోయింది. నిలువెత్తు ఫ్లెక్సీలో ఉన్నది ఆయన కాదు, సినిమాలో ఆయన వేషం కట్టిన హీరో! పెద్దలంతా వరసగా దానికే పూలు వేసి దండం పెడుతున్నారు.

ఉండబట్టలేక మైకు అందుకున్నాను. "ఎవరండీ ఇది చేయించింది? ప్రాణమిచ్చిన మనిషి మొహం కూడా తెలీదా?" అని కడిగేశాను.

ముందు వరసలోంచి ఫ్లెక్సీ షాపు నడిపే అమ్మాయి లేచింది. ఒకప్పుడు నా స్టూడెంటే.

"నానేనండి టీచర్ గారూ. మన క్లాసు గోడకి మీరు అంటించిన బొమ్మే కదండీ ఇది? తప్పని మాకేటి తెలుస్తాదండి?" అంది.

అందరూ విన్నారు. బజార్లో ఆ చార్టు కొన్నప్పుడు నేను సరిగ్గా చూడనే లేదు. రాసుకున్న ప్రసంగం కాగితాలు మడిచేశాను. "తప్పు నాదేనమ్మా" అని దిగిపోయాను.

మర్నాడు బడిలో ఆ బొమ్మ పీకేసి ఆయన అసలు ఫోటో పెట్టాను. పిల్లలు దాన్ని చూసి, "ఈయనెవరు టీచర్?" అన్నారు. ఇన్నేళ్లూ నేను చెప్పిన పాఠం ఎవరి గురించో నాకే సందేహం వచ్చింది.