కొమ్ముల మాస్టారి సంతకం

ఆయన్ని అందరూ కొమ్ముల మాస్టారు అనేవారు. బడిలో పాఠాలు చెప్పిన మాస్టారు కాదు, సైన్‌బోర్డులు రాసేవాడు. "కు" రాయవలసి వస్తే దాని కొమ్మును బోర్డు చివరిదాకా లాగి, అక్కడొక మెలిక తిప్పితే గానీ ఆయనకు తృప్తి ఉండేది కాదు. మందుల షాపు, లాండ్రీ, కోర్టు వెనక సందులో వకీళ్ల పేర్లు, అన్నీ ఆయన చేతి మీదుగా వెలిసినవే.

అక్షరం ఆకారమే తప్ప అర్థం ఆయనకు పట్టేది కాదు. ఒకసారి ఎవరో పురమాయిస్తే "ఈ ఇల్లు అమ్మబడును" అని ముచ్చటగా రాసి, రంగు ఆరబెట్టి, ఇచ్చి వచ్చాడు. మర్నాడు భార్య గుమ్మంలోంచి పిలిచి, "ఏవండీ, ఇక మనం ఎక్కడికి పోదాం?" అని అడిగింది. బోర్డు తామద్దెకున్న ఇంటికే వేలాడుతోంది.

ఆయన పడుచుతనంలో ఊరి చివర ఒక బిస్కెట్ల కంపెనీ పుట్టింది. దాని గోడలన్నీ ఆయనే రాశాడు. కంపెనీవాళ్ల చేతిలో రొక్కం ఆడక, కూలికి బదులు షేర్లు ఇస్తామన్నారు. ఆ కాగితాల అంచున ఉన్న తీగల డిజైను నచ్చి ఆయన సరేనన్నాడు. భార్య మాత్రం, "పొయ్యి మీద తీగలు వండనా?" అని ఊరుకుంది. ఊరుకుందే గానీ ఆ కాగితాలను బీరువా అడుగున భద్రం చేసింది. బిస్కెట్లు జనానికి రుచించాయి. కాగితాలకు విలువొచ్చింది.

చాలా ఏళ్లకు కూతురు కళ్లద్దాల కొట్టు పెట్టుకుంటానంది. మాస్టారు ఆ షేర్లన్నీ కూతురి పేర రాసిచ్చేస్తానన్నాడు.

"అదంత తేలిక్కాదేమో నాన్నా, కనుక్కుందాం" అంది కూతురు.

"రాసివ్వడం నాకు కొత్తా?" అన్నాడాయన.

షేర్లు బదిలీ చేసే ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. కౌంటర్లో ఉన్న ఆఫీసరమ్మ కళ్లజోడు పెట్టుకుని, ఆయన అప్పుడే చేసిన సంతకాన్నీ కంపెనీ దగ్గరున్న పాత సంతకాన్నీ పక్కపక్కన పెట్టింది. పాతదాంట్లో కొమ్ము కిందికి జారి చేపలా ముగిసింది. కొత్తదాంట్లో పైకి లేచి నెమలిలా విప్పారింది.

"ఇది మీ సంతకం కాదండీ" అంది.

"మీ కళ్ల ముందే కదమ్మా పెట్టాను."

"పెట్టింది మీరే. సంతకం మాత్రం మీది కాదు."

మాస్టారికి కోపం రాలేదు, జాలేసింది. పాత సంతకంలో చెయ్యి ఇంకా తిరగలేదనీ, ఒక మనిషి జీవితమంతా ఒకే మాదిరిగా రాస్తే వాడు రాతగాడెలా అవుతాడనీ ఆమెకు వివరించాడు. ఆమె ఓపిగ్గా అంతా విని, పాత సంతకం జిరాక్సు తీసిచ్చింది.

చూసి రాయడం ఆయనకు మంచినీళ్ల ప్రాయం. కుంచె పక్కన పెట్టి పెన్ను పట్టుకుని, తన చేపను తానే సాధన చేశాడు. కుదిరేదాకా ఎవరినీ గదిలోకి రానివ్వలేదు. తర్వాత వెళ్లి, కౌంటరు మీద తలెత్తకుండా, ఊపిరి బిగబట్టి రాసిచ్చాడు.

ఆఫీసరమ్మ ఈసారి ఇంకా ఎక్కువసేపు చూసింది. "ఇది సంతకం కాదండీ, బొమ్మ. ఇంత బాగా కలిసేవి దొంగ సంతకాలే" అంది.

అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది. ఊళ్లో ప్రతివాడి పేరూ రాసినవాడికి తన పేరు రాసుకునే యోగ్యత లేదని తేలింది. బస్సులో ఆయన ఒక్క బోర్డు వంక కూడా చూడలేదు.

ఆఫీసరమ్మే దారి చెప్పింది. నోటరీ ఎదుట ఆయన ఆయనేనని రుజువు చేసుకుని, షేర్లు బదిలీ చేసే అధికారం ఇంట్లో ఎవరికైనా రాసివ్వాలి. ఆ తర్వాత వాళ్ల సంతకంతోనే పని జరిగిపోతుంది.

"ఎవరికిస్తారు?" అని అడిగాడు నోటరీ వకీలు.

భార్య సంతకాన్ని ఆయన పెళ్లయిన నాటినుంచీ వెక్కిరిస్తూనే ఉన్నాడు, పెసలు పోసినట్టుంటుందని. గుండ్రంగా, విడివిడిగా, బడిలో నేర్పినట్టే ఉంటుంది. అల్లుడికి ఇద్దామా అంటే అల్లుడు ఉద్యోగానికి వేరే ఊళ్లో ఉన్నాడు. "మా ఆవిడకే" అన్నాడు.

వకీలు ఆయన చేత రిజిస్టరులో రెండు సంతకాలు చేయించాడు. ఒకటి నెమలి, ఒకటి చేప. వకీలు వాటిని చూసి, తల గోక్కుని, సిరా డబ్బా ముందుకు తోశాడు.

"మాస్టారూ, ఏమీ అనుకోకండి. వేలిముద్ర వేసెయ్యండి. దానికి కొమ్ములుండవు."

మాస్టారు బొటనవేలి వంక చాలాసేపు చూసుకున్నాడు. వెంట వచ్చిన భార్య ఆ వేలిని తన చేతిలోకి తీసుకుని, సిరాలో మెల్లగా అద్ది, కాగితం మీద ఆనించింది. ఆ ఒక్క క్షణం ఆమె వేళాకోళం ఆడలేదు. మెట్లు దిగుతూ, "ముద్ర బాగానే పడింది లెండి" అని మాత్రం అంది.

మళ్లీ మూడో అంతస్తు. ఇప్పుడు ఆఫీసరమ్మ ఆయన వైపే చూడలేదు. "చెప్పండమ్మా, ఎవరి పేర మార్చమంటారు?"

"మా అమ్మాయి పేర" అన్నాడు మాస్టారు.

"మిమ్మల్ని కాదండీ."

భార్య కుర్చీలో సర్దుకుని కూర్చుంది. జీవితంలో ఆమెను ఇలా కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. కాస్త ఆలోచించి, "సగం అమ్మాయికి, సగం నాకు" అంది.

"నేనెప్పుడన్నానే ఆ మాట?"

"మీరు అనక్కర్లేదటగా." తర్వాత గొంతు తగ్గించి, "కొట్టుకి సగం చాలు. అమ్మాయే చెప్పింది. 'మిగతాది నీ దగ్గర ఉంచు అమ్మా, నాన్న ఎవరు బోర్డడిగినా ఉత్త పుణ్యానికి రాసిస్తాడు' అని" అంది.

భార్య పెసరగింజలు పోసినట్టు సంతకాలు పెట్టింది. ఆఫీసరమ్మ ఒక్కదాన్ని కూడా రెండోసారి చూడలేదు.

కూతురి కొట్టు బాగానే నడుస్తోంది. మాస్టారు కొన్నాళ్లు ఇంట్లో ముభావంగా తిరిగాడు. ఒకరోజు భార్య పనిగట్టుకుని వీధి చివరి పాలవాడి బోర్డు తెచ్చి ఆయన ముందు పెట్టింది. పెట్టి, కూలి ఎంతో కూడా ముందే ఖాయం చేశానంది. ఆయన కుంచె తీశాడు.

మరుసటి ఏడాది బిస్కెట్ల కంపెనీ నుంచి "గౌరవనీయులైన వాటాదారు గారికి" అంటూ ఆమె పేర ఆహ్వానం వచ్చింది. ఇద్దరూ వెళ్లారు. గుమ్మం దగ్గర కుర్రవాడు ఆమెకు బ్యాడ్జీ పెట్టి, బిస్కెట్ల పొట్లం చేతికిచ్చి, ఆయన్ని ఆపాడు.

"వాటాదారులకేనండీ లోపలికి. మీరెవరు?"

"ఆవిడ వెంట వచ్చానయ్యా" అన్నాడు మాస్టారు.

ఆమె పొట్లం విప్పి, నాలుగు బిస్కెట్లు ఆయన చేతిలో పెట్టి, లోపలికి వెళ్లింది. ఆయన వరండా బల్ల మీద కూర్చుని అవి నెమ్మదిగా తిన్నాడు. పక్కన కూర్చున్న ఎవరిదో కారు డ్రైవరుతో, "మా ఆవిడకి లోపల మీటింగుంది" అన్నాడు, కాస్త గట్టిగానే.