మాత్ర దిగితేనే ఆమెన్

కోవిడ్ గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండాకాలం మొదట్లో నాకు విడపనకల్లు మండలానికి బదిలీ అయింది. హోదా ఆరోగ్య పర్యవేక్షకురాలు. అంటే పల్లెల్లో తిరిగే నర్సమ్మల పనినీ, వాళ్లకు సాయంగా ఉండే ఆశా కార్యకర్తల పనినీ తనిఖీ చేసే మనిషి. తనిఖీ అంటే రిజిస్టర్లు చూడడమే అనుకునేవాళ్లు మా శాఖలో చాలామంది. అప్పటికి నేనూ వాళ్లలో ఒకతెనే. గడువుకు ముందే స్వచ్ఛందంగా పదవీ విరమణ తీసుకున్నాను కాబట్టి, ఇప్పుడీ మాట అనడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

సరిహద్దు దగ్గరి ఒక పల్లెలో రూతమ్మ అనే కూలి మనిషికి క్షయ బయటపడింది. భర్త లేడు. కూతురు బళ్లారి వైపు కాపురం. ఈ జబ్బుకు మందులు ఆరు నెలలు, రోజూ వాడాలి. మధ్యలో మానితే క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. అందుకే ఎవరో ఒకరు ఎదురుగా నిలబడి మింగించాలనీ, ఆశా కార్యకర్త కార్డులో ఆ రోజు గడిలో టిక్కు పెట్టాలనీ నియమం.

మందులు మొదలైన వారానికి నేను వెళ్లాను. తెల్లవారి ఆరు గంటలు. ఆ ఒంటి గదిలో, తలుపు దగ్గరకు వేసుకుని, అయిదుగురు ఆడవాళ్లు రూతమ్మ చుట్టూ కూర్చుని పాట పాడుతున్నారు. సద్ది గిన్నెలు వాకిట్లో ఉన్నాయి. వాళ్లు ఆ ఊరి ప్రార్థన సహవాసం. రోజూ కూలికి పోయే ముందు ఒకరింట్లో కూడుతారు. రూతమ్మ మంచాన పడ్డాక కూడిక ఆమె ఇంటికే మార్చుకున్నారట. పాట అయింది, వాళ్లలో పెద్దామె సలోమి ప్రార్థన చేసింది, కానీ చివర ఆమెన్ ఎవరూ అనలేదు. అందరూ రూతమ్మ వైపు చూస్తున్నారు. ఆమె మూడు మాత్రలు అరచేతిలో పెట్టుకుని ముఖం చిట్లిస్తోంది.

“మింగు రూతక్కా, ఆటో పోతాది. మా ఆమెన్ నీ గొంతులోనే తగులుకోనుండాది,” అంది ఒకామె. అందరూ నవ్వారు. రూతమ్మ తిట్టుకుంటూనే మింగింది. అప్పుడు ఆమెన్ అన్నారు.

నాకు ఒళ్లు మండింది. గాలి ఆడని గదిలో దగ్గే మనిషి చుట్టూ అంతమందా? నేనూ విశ్వాసినే. అయితే ఆదివారం వెనక బెంచీలో కూర్చుని, ఆశీర్వాదం పూర్తి కాకముందే చెప్పులు వెతుక్కునే రకం. సహవాసమంటే నా లెక్కలో ఆడవాళ్ల కబుర్లకు భక్తి పేరు. అందరినీ బయటికి పిలిచి, నేను చెప్పేదాకా ఆ గడప తొక్కవద్దన్నాను.

“మేము రాకపోతే ఆయమ్మ మింగదమ్మా,” అంది సలోమి.

“మింగేదానికి గొంతు చాలు. దానికి మేళమెందుకు?” అన్నాను.

నిజానికి నియమం అంత మాట చెప్పదు. నోటికి గుడ్డ కట్టుకోమంటుంది, గాలీ వెలుతురూ ఉండేచోట కూర్చోమంటుంది. వాకిట్లో కూర్చోండని ఒక్క మాట అంటే సరిపోయేది. కోవిడ్ రెండేళ్లూ మనుషులను వెళ్లగొట్టి వెళ్లగొట్టి నా నోటికి అదే అలవాటైపోయింది. రెండు వారాలు మందు పడితే అంటు తగ్గుతుంది, అప్పుడు వచ్చి, ఇక కూడవచ్చని చెబుదామనుకున్నాను. ఈలోగా మడకశిర వైపు ఒక సర్వేకు డిప్యుటేషన్ మీద పంపారు. వేరే ఊళ్లో తాత్కాలిక పని అన్నమాట. అది మూడు నెలలు సాగింది. మధ్యలో ఒకసారి రూతమ్మ కార్డు ఫోటో తెప్పించుకున్నాను. అన్ని గడుల్లోనూ టిక్కులున్నాయి. ఆశా అమ్మాయి వారానికోసారి మాత్రలిచ్చి ఏడు టిక్కులు పెడుతోందని నాకు తట్టలేదు. తట్టకపోవడం ఏమిటి, నేను అడగలేదు.

తిరిగి వచ్చేసరికి రూతమ్మ తెమడలో రక్తం పడుతోంది. బియ్యం డబ్బా వెనక మాత్రల అట్టలు, చాలావరకు విప్పనివి. ఎందుకు మింగలేదని గట్టిగా అరిచాను.

“నోరంతా చేదు, కడుపులో తిప్పుతాది. వాళ్లుంటే ఎట్లో మింగుతాంటి. ఒక్కదాన్నే కూసోని ఎవరికోసరం మింగల్ల?”

“మరి వాళ్లెందుకు రాలేదు?”

“నువ్వే గదమ్మా రావద్దన్యావు.”

సలోమిని నిలదీశాను. వాళ్లు రోజూ ఆ వీధి మొదట్లో నిలబడి, రూతమ్మ ఇంటి వైపు తిరిగి ప్రార్థన చేసుకుని పనికి పోయేవారట. “నువ్వు చెప్పినంక పోదామని సూస్తాంటిమమ్మా. సదువుకున్న దానివి, మన విశ్వాసిరాలివి, ఊరికే అంటావా అనుకున్యాం,” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే జవాబు చెప్పేదాన్ని. జవాబు చెప్పడం నాకు బాగానే వచ్చు.

అనంతపురం పెద్దాసుపత్రికి పంపాం. అప్పటికే మందు పనిచేయని దశకు వచ్చింది. కొత్త మందులు మొదలుపెట్టారు గానీ ఊపిరితిత్తులు తట్టుకోలేదు. సమాధి కార్యక్రమంలో ఆ అయిదుగురూ పాడారు. నాకు చోటిచ్చి జరిగారు. నేను వెళ్లి నిలబడ్డాను కానీ గొంతు కలపలేదు.

ఆశాది తప్పు కాదా అని మీరడగవచ్చు. తప్పే. మెమో ఇచ్చాను. నాకు మెమో ఇచ్చేవాళ్లు లేరు, ఎందుకంటే నేను ఆ ఆడవాళ్ల రాకపోకలు ఆపినట్టు ఏ కాగితంలోనూ లేదు. ఆ వైద్యంలో మాత్ర ఎంత భాగమో ఆ అయిదుగురు కూడటం అంతే భాగం. నేను దాన్ని తీసేసి, మిగిలిన సగానికి టిక్కులు లెక్కపెట్టాను.

తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరినైనా ఒక ఇంటికి దూరంగా ఉండమంటే, మళ్లీ ఏ రోజు రావాలో ఆ పూటే చెప్పి, వాళ్లెదుటే డైరీలో రాసుకునేదాన్ని. ఆ రోజుకు నేను రాకపోయినా, మీరు పోండి అనేదాన్ని.