గట్టు లేని పటం

నందిగామలో చైన్‌మన్‌గా ఉన్న నన్ను రిటైర్మెంటుకు రెండేళ్ల ముందు, వేసవిలో, రీసర్వే కోసం జగ్గయ్యపేట వైపు వేశారు. చైన్‌మన్ అంటే సర్వేయరు కింద గొలుసు పట్టేవాడు. గొలుసులు పోయి, ఉపగ్రహాలతో కొలిచే రోవర్ యంత్రం వచ్చాక దాని కర్ర నిలబెట్టేవాణ్ని. కర్ర ఆనిన బిందువు పటంలోకి ఎక్కుతుంది. నాకు అక్షరాలు వచ్చింది నలభై దాటాక. పని మాత్రం చెవితోనే నేర్చుకున్నాను.

సర్వేయరు మస్తాన్ కుర్రవాడు, లెక్కల్లో ఎమ్మెస్సీ. చిల్లకల్లు దగ్గర ఒక ఊళ్లో రెండు మిరప చేల మధ్య గట్టు కొలిచాం. నాలుగడుగుల గట్టు. దాని మీద దీవెనమ్మ భర్త సమాధి. ఆవిడ కూలికి పోయే మనిషి. ఆ రెండు చేల పాత రైతులిద్దరూ సరేనంటే ఆయన్ని అక్కడ పాతిపెట్టారు.

"అన్నా, ఆ కాస్త చోటూ కాయితంలో ఎక్కించు. ఈళ్ల కొడుకులు దున్నేత్తారు" అంది.

"ఎక్కిస్తాలే" అన్నాను.

గట్టు మీద కర్ర నడిమధ్య పెట్టడం చైన్‌మన్ల అలవాటు. ఎవరితోనూ తగువుండదు. సమాధి దగ్గరా అలాగే పెట్టాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర, గట్టు ఎవరిదవుతుందని మస్తాన్‌ని అడిగాను.

"దీనికి మా ఎమ్మెస్సీలో ఓ పేపరే ఉంది బాబాయ్" అని పుల్లతో నేల మీద చేను గీశాడు. అంచు మొత్తం తనలోనే ఉంటే అది సంవృత సమితి. అంచులో ఒక్క బిందువూ తనది కాకపోతే వివృత సమితి. అంచు బిందువుకి గుర్తేమిటంటే, దాని చుట్టూ ఎంత చిన్న సున్నా చుట్టినా ఇవతలి చేనూ అవతలి చేనూ రెండూ పడతాయి.

"ఉత్తరం గట్టు నాది, దక్షిణం గట్టు పక్కోడిది అంటేనో?"

"అప్పుడు సంవృతమూ కాదు, వివృతమూ కాదు. ఒకటి కాకపోతే రెండోదేనని రాసి నేను పరీక్ష తప్పా. నువ్వు ముద్ద దిగేలోపు పట్టేశావు!"

పొంగిపోయి ఇంకోటి అడిగాను. "ఈ అంచుకి వెడల్పెంత సార్?"

"గీతకి వెడల్పేంటి బాబాయ్?"

అన్నం పక్కన పెట్టాను. నాలుగడుగుల గట్టుని గీత చేసింది నా కర్రే. గట్టు అంచులు రెండూ మళ్లీ విడివిడిగా కొలుద్దామన్నాను.

"కొలిస్తే మధ్య ముక్క ఎవరి పేరున రాయాలి?" అన్నాడు. రైతుల కొడుకుల్ని పిలిచి అడిగాం. గట్టు దాకా నాదే అన్నారిద్దరూ. మరి గట్టో అంటే, అదీ నాదే అన్నారు. మస్తాన్ యంత్రం సర్దేశాడు. నేను కర్ర భుజాన వేసుకున్నాను. పటంలో రెండు చేలూ అంటుకుపోయాయి. కింద సాక్షి సంతకం నాదే.

ఆ నవంబరులో క్రైస్తవుల సమాధుల పండుగ నాడు వెళ్లాను. గట్టు లేదు, సమాధీ లేదు. మిరప సాళ్లు అటు నుంచీ ఇటు నుంచీ వచ్చి గీత దగ్గర కలిశాయి. దీవెనమ్మ పూలు పట్టుకుని చేలో నిలబడి ఉంది.

"ఎక్కడ పెట్టను అన్నా?"

రోవర్ ఉంటే కర్ర పెట్టిన ఆ బిందువు చూపించేవాణ్ని. లేదు.

కర్ర నడిమధ్య పెట్టడం తగువు తప్పించుకోవడం, కొలవడం కాదు. గట్టుకి రెండు అంచులుంటాయి. మధ్యలో రాయడానికి ఎవరి పేరూ లేకపోయినా, రెండూ కొలవాలి.