పక్కింటి దూలాలు

స్టీల్ ప్లాంటు క్వార్టర్లకు ప్లాన్లు గీసీ గీసీ, ఇల్లంటే నాలుగువైపులా ఖాళీ ఉండాల్సిందేననే పిచ్చి పట్టింది నాకు. ఎనభైల మొదట్లో వన్ టౌన్‌లో వలల నూలు అమ్మే వ్యాపారి ఒకాయన పక్కపక్కనే ఉన్న మూడు పెంకుటిళ్ళు కొని, వాటి చోట మేడకు ప్లాన్ అడిగాడు. ఆఫీసు బయట నాకు దొరికిన మొదటి పని అది. ఒక్కో స్థలం వీధివైపు పన్నెండడుగులే, లోపలికి మాత్రం రైలుపెట్టెలా పొడుగ్గా పోతుంది. మూడింటినీ కలిపేసి మధ్యలో మేడ, చుట్టూ నాలుగడుగుల ఖాళీ గీశాను. ఎంత నీటుగా వచ్చిందో అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

కూల్చేముందు గుర్తులు పెట్టడానికి వెళ్తే, పక్కింట్లో ఒంటరిగా ఉంటూ ఇడ్లీలు అమ్ముకునే ఆవిడ లోపలికి పిలిచి పైకప్పు చూపించింది.

“ఆ దూలాలు సూడండి బాబూ. అవతలి సివర్లు మీరు కూల్సే గోడలోనే ఉన్నాయి. అది తీసీస్తే నా కప్పు ఏటి మీద నిలబడతాది?”

సిగ్గుతో చచ్చిపోయాను. గోడ మందం కూడా కొలిచినవాణ్ణి, దాని అవతల ఏముందో తొంగిచూడలేదు. ఆ వీధిలో అందరూ అలాగే కట్టుకున్నారట, ముందువాడి గోడలో తరువాతివాడి దూలాలు. కాగితం మీద రాసుకున్నది ఏమీ లేదు.

ఇంటికొచ్చి ప్లాన్ చించేశాను. కొత్తదాంట్లో పాత గోడల గీతలు అలాగే ఉంచి, ఆవిడ దూలాలున్న గోడని కూల్చకుండా, మేడ బరువు దానిమీద పడకుండా స్తంభాలు లోపలికి జరిపాను. వెలుతురుకి నడుమ చిన్న మండువా, వీధివైపు మూడు గుమ్మాలు.

వ్యాపారికి ఒళ్ళు మండింది. “మూడిళ్ళు కొన్నాను కదా, ఒక్కటిలా కనబడొద్దేటి? మీ టౌన్‌షిప్పులో కడతన్నట్టు కట్టండి.”

నాకూ మండింది. “అయితే గోడ కూల్చే రోజున ఆవిడని ఇంట్లోంచి మీరే బయటికి పిలవండి. నావల్ల కాదు.”

రోజూ పొద్దున్న ఆవిడ ఇడ్లీలే తింటాడు ఆయన. ప్లాన్ మళ్ళీ తన వైపు లాక్కుని, “లోపలికి వెలుగొస్తాదా మరి?” అన్నాడు.

మేడ పూర్తయ్యాక చూడ్డానికి వెళ్ళాను. కొత్తది కట్టినట్టే లేదన్నారు వీధిలో జనం. కాస్త బాధేసింది, అబద్ధం ఎందుకు! పక్కింటావిడ లోపలికి పిలిచి ఇడ్లీల ప్లేటు చేతికిచ్చింది. తింటున్నంతసేపూ నా చూపు దూలాల చివర్ల మీదే ఉంది.

“పైకి సూడ్డం మానీసి తినండి బాబూ,” అంది ఆవిడ నవ్వుతూ. “పడదు.”