చక్కెర లేని ఉప్పునీళ్లు

చక్కెర అంటే మా అవ్వకు చచ్చేంత భయం. షుగర్ ముదిరి తాతకు కాలు తీసేశారు; ఆ తర్వాత ఆయన ఎన్నాళ్లో బతకలేదు. తనకూ షుగర్ ఉందని తెలిసిన రోజే ఆమె అలియాబాద్‌లోని మా ఇంట్లోంచి చక్కెర డబ్బాను బయట పారేయించింది. అప్పటినుంచి ఇంటిల్లిపాదికీ చప్పటి చాయే.

నిరుడు వానాకాలంలో ఆమెకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. నేను మేడ్చల్‌లోని ఒక కాలేజీలో జీవశాస్త్రం చెబుతాను. అమ్మ ఫోన్ చేయగానే పాఠం మధ్యలో వదిలేసి, దారిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు కొనుక్కుని వచ్చి పడ్డాను. అవ్వ కళ్లు లోపలికి పోయాయి. చేతి మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచింది. ఒంట్లో నీళ్లు ఇంకిపోయాయి.

"ఏం తాగిపిచ్చినవ్ అమ్మా?"

"పొద్దటి సంది ఉప్పునీళ్లు పోస్తనే ఉన్న బిడ్డా. పక్కింట్ల చక్కెర తెచ్చి కలుపుతనంటే ఒద్దంటాంది. తాగిందంతా బయటికే పోతాంది. ఉచ్చ గూడ బందయింది."

పోక ఏం చేస్తుంది! పేగు కణాల పొరలో ఒక ప్రోటీన్ ద్వారం ఉంటుంది. ఉప్పులోని సోడియం, చక్కెరలోని గ్లూకోజ్ జంటగా వస్తేనే అది రెండింటినీ లోపలికి చేరవేస్తుంది. వాటి వెనకే నీళ్లు వెళతాయి. జబ్బుపడ్డ పేగులో ఒట్టి ఉప్పునీళ్లు చాలావరకు గడప బయటే ఉండిపోతాయి. ఏటా బోర్డు మీద గీసే ఆ బొమ్మ మీదే మా ఇంటి మనిషి ప్రాణం ఆధారపడుతుందని నేనెప్పుడూ అనుకోలేదు.

డాక్టరుకు ఫోన్ చేస్తే, ఓఆర్ఎస్ చెంచాతో పట్టిస్తూనే ఆస్పత్రికి తీసుకురమ్మన్నారు. ఎవరికో ప్లాటు చూపించడానికి వెళ్లిన నాయిన, కారుతో సహా శామీర్‌పేట దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నాడు.

మొదటి చెంచాకే అవ్వ పళ్లు బిగించింది.

"తియ్యగున్నది! నా కాలు గూడ తీపిస్తవా?"

"గీ కొంచెం తీపి లేకుంటే ఉప్పు లోపలికి పోదవ్వా. ఉప్పు పోకుంటే నీళ్లు పోవు."

పాఠం గడగడా అప్పజెప్పాను గానీ, షుగర్ నిజంగానే పెరిగిపోతే? పోస్తున్నది నేనే. చెంచా ఆమె పళ్లకు తగిలి టకటకమంటోంది. వణుకుతున్నది నా చెయ్యి.

అవ్వ నన్నే చూసింది. "నీకు భయమైతాందా?"

"మస్తు భయమైతాందవ్వా."

ఆ మాటకు నోరు తెరిచింది.

కారు వచ్చేదాకా చెంచా చెంచా పోశాను. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. పొద్దుగూకే వేళకు అవ్వ మూత్రంతో పక్క తడిపేసి, సిగ్గుతో ముఖం గోడవైపు తిప్పుకుంది. తడిసిన దుప్పటి చేత్తో పట్టుకుని, నర్సు చూస్తుండగానే నేను బోరుమన్నాను.