చెవి మీది తీగ

జ్ఞానేశ్వరన్నకు టేపు మీద నమ్మకం లేదు. లోకంలో ఏ వస్తువునైనా ఆయన రాగి తీగతోనే కొలుస్తాడు.

చేవెళ్ల రోడ్డు మీద, మొయినాబాద్ దాటగానే మా మోటారు వైండింగ్ షాపు. కాలిపోయిన బోరు మోటార్లలోంచి పాత తీగ లాగేసి కొత్త తీగ చుట్టడం మా పని. చుట్టు ఎంత పెద్దగా ఉండాలో తీగ ముక్క వంచి చూసుకోవడం ఈ పనిలో మామూలే. అన్న మాత్రం షట్టర్ దించాక కూడా ఆ అలవాటు మానడు. మంచం, కిటికీ, గుమ్మడికాయ, దేన్ని చూసినా తీగ పెట్టి, కట్టర్‌తో తెంపి, జేబులో వేసుకుంటాడు.

"టేపు మీద అంకె సదవాలె, సదివింది యాది పెట్టుకోవాలె. తీగైతే కొలతే జేబుల ఉంటది" అంటాడు.

నిజమే. కాకపోతే ఆయన జేబులో ఎప్పుడు చూసినా ఇరవై కొలతలుంటాయి. ఏది దేనిదో దేవుడికే తెలియాలి.

ఒకసారి తలుపుకు కర్టెన్ తెమ్మని అన్న భార్య నవత వదిన ఆయన్ని పంపింది. అదే రోజు తన ప్యాంటు కుట్టడానికి కూడా ఇచ్చాడు. మర్నాడు వదిన రెండూ పట్టుకుని షాపుకే వచ్చింది. కర్టెన్ తలుపుకు సగం దాకా వచ్చి ఆగింది. ప్యాంటు మాత్రం ఆరడుగుల అన్నకు చంకల దాకా వచ్చి, ఇంకా పాదాల కింద మూరెడు మిగిలింది.

"టైలర్ అడగలేదా?" అంది వదిన.

"అడిగిండు. 'తీగ ఉన్నది గద' అని చెప్పిన."

"మంచిగన్నవ్. ప్యాంటు దర్వాజకు కట్టిన, సరిపోయింది. నువ్వు కర్టెన్ తొడుక్కో."

మోటారు బాగుకు తెచ్చిన చిన్న మంగళారం ఊరి రైతు హన్మయ్య అప్పుడు అక్కడే ఉన్నాడు. ముఖం మారిపోయింది. "అరే జ్ఞానేశ్వర్, నా మోటరు గూడ నీ ప్యాంటు కొలతతోనే చుడ్తవా ఏంది?"

"మోటరు తీగ జేబుల వెయ్య కాకా, చెవి మీద పెడ్త. చెవి మీదిది ఎన్నడు తప్పది" అన్నాడు అన్న.

అది కూడా నిజమే. నాలుగేళ్లుగా చూస్తున్నాను. చెవి మీది తీగ ఒక్కసారి కూడా మారలేదు.

పదో తరగతి మధ్యలో బడి మానేసి నేను ఈ షాపులో చేరాను. మోటారు లోపల తీగ కూర్చునే గాడుల్లో కాగితం పరవడం, అన్న అడిగిన తీగ రీలు అందివ్వడం నా పని. కాగితం పని బాగా వచ్చు. రీళ్లతోనే చిక్కు. అవన్నీ పైన సజ్జ మీద ఉండేవి. అన్నకు చెయ్యెత్తితే అందుతాయి. నేను ప్లాస్టిక్ స్టూలు ఎక్కి, దాని మీద మునివేళ్ల మీద నిలబడాలి. ఎవరినైనా దించి పెట్టమని అడగొచ్చు. కానీ షాపు నిండా రైతులు కూర్చుని ఉంటే నా నోట మాట రాదు.

మొన్న జూన్‌లో మోటార్లు వరసపెట్టి కాలిపోతున్న రోజుల్లో ఆ స్టూలు జారింది. నేను సజ్జ పట్టుకుని వేలాడాను. రీలు మాత్రం కిందపడి, దొర్లుకుంటూ రోడ్డెక్కింది. తీగ కొస ఆగి ఉన్న ఆటో చక్రానికి చుట్టుకుంది. ఆటో చేవెళ్ల వైపు కదిలింది. రీలు గిరగిరా తిరుగుతుంటే వెనక అన్న, అన్న వెనక ఇద్దరు రైతులు పరుగు. ఆటో పెట్రోల్ బంక్ దగ్గర ఆగింది కాబట్టి సరిపోయింది.

"పిల్ల చేవెళ్ల దాక కరెంటు లైను గుంజింది" అన్నాడు హన్మయ్య. షాపంతా నవ్వింది. నాకు చెవులు కాలిపోయాయి. శనివారంతో పని మానేస్తానని ఆ సాయంత్రం అమ్మకు చెప్పేశాను. అన్నకు చెప్పడానికే ధైర్యం చాలలేదు.

మర్నాడు అన్న ఆటో ఊసే ఎత్తలేదు. "అఖిలా, ఈ క్యాలెండర్ గోడకు పట్టుకో, మొల కొడ్త" అన్నాడు. పట్టుకున్నాను. "కదలకు, బల్లి ఉన్నది" అంటూ నా వెనకాల వంగి తీగతో ఏదో చేశాడు. బల్లిని కూడా కొలుస్తున్నాడు కాబోలు అనుకున్నాను. మొల మాత్రం కొట్టలేదు. క్యాలెండర్ మళ్లీ బల్ల మీదికే పోయింది.

మధ్యాహ్నం వెల్డింగ్ బాల్‌రాజ్ వచ్చాడు. అన్న చెవి మీది తీగ తీసి అతనికిచ్చాడు. "రీళ్లకు రాక్ చెయ్. మూడు కడ్డీలు. మీది కడ్డీ గీ ఎత్తుల."

శుక్రవారం రాక్ వచ్చింది. కడ్డీలకు రీళ్లు గుచ్చితే చాలు, వాటిని దించే పనే లేకుండా కొస పట్టి తీగ లాగొచ్చు. అంతా బాగుంది. కానీ పై కడ్డీ అన్న ఛాతీ దగ్గరే ఆగిపోయింది. కింది కడ్డీ కోసం ఆయన దాదాపు సాష్టాంగపడాలి.

"ఇది మనుషులకా, మేకలకా?" అన్నాడు హన్మయ్య.

"తీగ పెట్టి చూస్కోరి, నా తప్పేం లేదు" అన్నాడు బాల్‌రాజ్.

అన్న నెత్తి కొట్టుకున్నాడు. "జేబుల తీగలు కలిసినయ్ రా. ఇది మా ఇంట్ల బీరువ కొలత."

షాపంతా మళ్లీ నవ్వింది. ఈసారి ఆయన మీద. కాళ్లు అతికించి ఎత్తు పెంచుతానని బాల్‌రాజ్ అంటే, "వద్దు తియ్, అయిందేదో అయింది. అఖిలా, ఇరవై రెండు గేజు తీగ ఇయ్యి" అన్నాడు అన్న.

చెయ్యి చాపాను. పై కడ్డీ సరిగ్గా నా చేతికందింది. క్యాలెండర్ పట్టుకున్నంత ఎత్తులో. కొస పట్టి లాగి ఇచ్చాను. స్టూలు ఎక్కడుందో కూడా చూడలేదు.

శనివారం వచ్చింది, పోయింది. సోమవారం సద్దిగిన్నె సర్దుకుంటుంటే అమ్మ అందులో ఇంకో గరిటె కూర వేసింది.

ఆ సోమవారమే నవత వదిన అన్నం డబ్బా తెచ్చింది. హన్మయ్య ఊరుకుంటాడా. "ఏం బిడ్డా, మీ బీరువ కొలత ఈడికొచ్చిందట గద."

"ఏ బీరువ? మేమేం బీరువ చేయిస్తలేం గద."

నేను మోటారులోకి తల దూర్చి కాగితం పరవసాగాను. అన్న చేతిలో కట్టర్ పక్కన పెట్టాడు. "చేయిస్తున్న గద. నీకు చెప్పుడు మర్సిన" అంటూ జేబులో చెయ్యి పెట్టి, చేతికొచ్చిన తీగ బాల్‌రాజ్‌కు పంపాడు.

వారానికి బీరువా వచ్చింది. వదిన మోకాళ్ల దాకా ఉంది. అందులో చీరలు పట్టవు గానీ కోళ్లు హాయిగా పడుకుంటున్నాయట.