ఆయన్ని కూడా నీళ్ళలోకి దించాను

ఆ రోజుల్లో విజయవాడ వన్ టౌన్‌లో ఒక ఫొటో స్టూడియోలో టచింగ్ చేసేదాన్ని. బ్లాక్ అండ్ వైట్ ఫొటోల మీద దూదితో, సన్న బ్రష్షుతో రంగులద్దడం నా పని. పెళ్ళికూతురి చీరకి ఎరుపు, బుగ్గలకి గులాబీ, వెనక తెర మీది సముద్రానికి నీలం. ఆ తెర మా నాన్న గీసిందే. కంకిపాడు నుంచీ ఉయ్యూరు నుంచీ వచ్చే కొత్త జంటలు దాని ముందు నిలబడి, నిజంగా సముద్రం చూసొచ్చినట్టే మురిసిపోయేవాళ్ళు.

ఓనరుగారు మంచి ఫొటోగ్రాఫరు. అది కాదనను. ఎండలోనైనా వానలోనైనా నెత్తిన ఒక ఫెల్టు టోపీ ఉండాల్సిందే. వన్ టౌన్ అంతా ఆయన్ని ఆ టోపీతోనే గుర్తుపట్టేది.

డెబ్బయ్యేడులో ఉప్పెన వచ్చింది. మా పిన్ని కాపురం దివిసీమలో, సముద్రానికి దగ్గరి ఊళ్ళో. బాబాయి శవం తుమ్మచెట్ల మధ్య దొరికింది. ఐదేళ్ళ పిల్లాడు దొరకలేదు. పిన్నిని కంకిపాడులో మా ఇంటికి తెచ్చుకున్నాం. పెడితే తినేది, లేకపోతే లేదు. కానీ తెల్లారగానే టీ కొట్టు దగ్గరికి వెళ్ళి, పేపరు చదువుతున్నవాళ్ళని అడిగేది.

"నా ఫొటో పడిందేమో కాస్త చూసి చెప్పండయ్యా."

దుఃఖంతో మతి చలించిందనుకున్నాం. అమ్మ చాటుకెళ్ళి ఏడ్చేది.

అప్పటికే ఓనరుగారు అన్నం పొట్లాలు పంచే లారీ ఒకటి ఎక్కి దివిసీమ వెళ్ళొచ్చారు. కడిగిన ఫొటోలు బల్ల మీద పరిచి నన్ను పిలిచారు.

"ఇది చూడమ్మాయ్. జన్మకొక్కటి దొరుకుతుంది ఇలాంటి ఫొటో."

నడుం లోతు నీళ్ళలో ఒక ఆడమనిషి. రెండు చేతులూ చాచి, ముఖం పైకెత్తి ఉంది. తడిసిన చీర ఒంటికి అంటుకుపోయింది, పైట జారింది. అది మా పిన్ని.

తలనొప్పని చెప్పి బస్సెక్కాను. ఇంటికొచ్చి పిన్ని పక్కన కూర్చుని అడిగాను.

"పిన్నీ, టోపీ పెట్టుకున్నాయన ఎవరైనా నిన్ను ఫొటో తీశాడా?"

ఆమె ముఖం ఒక్కసారిగా వెలిగింది. "తీశాడు! ఏం, పేపర్లో పడిందా?"

తర్వాత చెప్పుకొచ్చింది. ఆ వేళ ఆమె కరకట్ట మీద, చర్చివాళ్ళిచ్చిన పొడి చీర కట్టుకుని కూర్చుంది. ఆయన లారీ దిగి దగ్గరికొచ్చి, ఏం పోయిందమ్మా అని అడిగాడు. పిల్లాడు కనపడట్లేదని చెప్పింది.

"'అయితే నీళ్ళలోకి దిగు. ఫొటో పేపర్లో వేయిస్తా. నీ బిడ్డ ఎవరికి దొరికినా నీ ముఖం చూసి తెచ్చిస్తారు' అన్నాడమ్మా. కట్ట మీద కూర్చుంటే ఎవరికీ జాలి పుట్టదన్నాడు. దిగాను. చేతులు చాపమన్నాడు, చాపాను. పైట కాస్త జారనీయమన్నాడు. సిగ్గేసింది. కానీ బిడ్డ కోసం కదా అని..."

ఆ నీళ్ళలోనే ఆమె పిల్లాడి కోసం వెతికి వెతికి ఒడ్డెక్కింది. మళ్ళీ ఆ నీళ్ళలోకే దింపాడు. ఇంతా చేసి ఆ ఫొటో ఏ పేపరుకీ ఇవ్వలేదు. ఎగ్జిబిషన్ కోసం దాచుకున్నాడు. పిన్ని మతి చలించలేదు. మాటిచ్చినవాడిని నమ్మి ఎదురుచూస్తోందంతే.

మర్నాడు పనికి వెళ్ళాను. మానేద్దామనిపించలేదు. మానేస్తే ఆయనకేం నష్టం?

ఊళ్ళో ఒక హాల్లో ఓనరుగారి ఫొటోల ప్రదర్శన ఖాయమైంది. పిన్ని ఫొటోని తలుపంత పెద్దది చేయించి, రంగులు వెయ్యమని నాకే ఇచ్చారు. "నీళ్ళకి మంచి నీలం వెయ్యి. మీ నాన్న తెరలో ఉన్నట్టు," అని చెప్పి, ఆహ్వానాల పని మీద తిరుగుతూ ఉండిపోయారు. అంత నమ్మకం నా చేతి మీద.

ముందు పిన్ని పైట సరిచేశాను. భుజం నిండా చీర కప్పాను. నీళ్ళకి నీలం వెయ్యలేదు. పిన్ని చెప్పిన రంగు వేశాను, బురదా కుళ్ళిన గడ్డీ కలిసిన రంగు. తర్వాత ఫొటోని తలకిందులుగా తిప్పి, ఆమె ముందున్న నీళ్ళలో ఆయన ప్రతిబింబం గీశాను. ఫెల్టు టోపీ, మెడలో కెమెరా, ఇంకా లోపలికి దిగమని ఊపుతున్న చెయ్యి. ముఖంలో చిరునవ్వు. నిజానికి ఆ కోణంలో ఆయన ప్రతిబింబం పడదు. పడాలి కాబట్టి వేశాను. ప్రతి గీతకీ నాకు ప్రాణం లేచొచ్చింది.

ఫ్రేము కట్టించి, గుడ్డ కప్పి, నేనే రిక్షాలో హాలుకి చేర్చాను. ప్రారంభం రోజు పిన్నిని వెంటబెట్టుకెళ్ళాను. ముఖ్య అతిథిగా ఒక కాలేజీ ప్రిన్సిపాల్ వచ్చారు. ఓనరుగారు టోపీ సర్దుకుంటూ పక్కనే నిలబడ్డారు. గుడ్డ తీశారు.

ముందు చప్పట్లు మొదలయ్యాయి. అవి మధ్యలోనే ఆగిపోయాయి. ప్రిన్సిపాల్‌గారు కళ్ళద్దాలు సవరించుకుని నీళ్ళలోకి చూశారు, తర్వాత పక్కకి తిరిగి చూశారు.

"ఈ టోపీ మీదే కదండీ?"

ఓనరుగారి ముఖం పాలిపోయింది. "టచింగ్ అమ్మాయి ఏదో పొరపాటు..."

"పొరపాటేముందండీ?" అన్నాను. "మీరక్కడ లేరా?"

అప్పుడు పిన్ని ముందుకొచ్చింది. గొంతు పెంచలేదు. "ఈయనేనండీ. నీళ్ళలోకి దిగితే నా పిల్లాణ్ణి తెచ్చిస్తారన్నాడు. పేపర్లో వేశారా అయ్యా?"

హాల్లో అందరూ ఫొటోలో ఉన్నామెనీ, ముందు నిలబడ్డామెనీ మార్చి మార్చి చూశారు. ప్రిన్సిపాల్‌గారు మెళ్ళో దండ తీసి కుర్చీ మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆయన వెనకే ఒక్కొక్కరూ కదిలారు. నేను మాత్రం ఓనరుగారి ముఖం చూస్తూ అక్కడే నిలబడ్డాను, తనివితీరా.

సంగతి కాలువల వెంబడి ఊరూరికీ పాకింది. పెళ్ళిళ్ళవాళ్ళు ఆ స్టూడియో గడప తొక్కడం మానేశారు. కొన్నాళ్ళకి ఓనరుగారు కంకిపాడు వచ్చారు, టోపీ లేకుండా. అదంతా నేను కల్పించానని నలుగురిలో చెప్పమని బతిమాలారు. కూర్చోమనలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"నెగెటివ్ తెచ్చివ్వండి. పిల్లాడి గుర్తులు పేపర్లో వేయించండి. తర్వాత చూద్దాం," అన్నాను.

రెండూ చేశారు. నెగెటివ్‌ని పిన్ని ఆయన కళ్ళ ముందే కత్తెరతో ముక్కలు చేసింది. పేపర్లో ప్రకటన పడింది. ఎవరూ రాలేదు. వస్తారని నేననుకోలేదు, పిన్ని అనుకుంది.

"ఇప్పుడు చెప్తావా అమ్మాయ్?" అని అడిగారాయన మళ్ళీ వచ్చి.

"చెప్పను," అన్నాను.

ఆ వేసవిలోనే స్టూడియో మూతపడింది. ఆయన ఊరొదిలి వెళ్ళిపోయాడని విన్నాను. చాన్నాళ్ళ తర్వాత ఒక ఆదివారం చర్చిలో పిన్ని లేచి నిలబడి, ఆ మనిషిని క్షమించానని సాక్ష్యం చెప్పింది. పక్కన కూర్చున్నవాళ్ళు ఆమేన్ అన్నారు. నేను అనలేదు.